ఐరాల విమాన వీరులు

సారంగపాణికి ఎగిరే విమానాలంటే చిన్నచూపు. రేణిగుంటలో దిగే విమానాలు రోజూ ఆయన అపార్ట్‌మెంటు మీదుగానే పోతాయి. ఆయన తల ఎత్తడు. "అదీ ఒక విమానమేనా? బస్సు," అంటాడు. ఆయన లెక్కలో విమానమంటే ఫోటోలో ఉండాలి. ఆ ఫోటో మసగ్గా ఉండాలి. ఆ విమానం ఇప్పుడు లోకంలో ఎక్కడా మిగిలి ఉండకూడదు. చేసిన ఫ్యాక్టరీ దివాలా తీసి ఉంటే మరీ మంచిది.

దేవస్థానం ఆఫీసులో ఫైళ్ళు చూసి చూసి రిటైరైన మనిషి. రిటైరైనవాళ్ళకు తిరుపతిలో పనికేం కొదవ లేదు. పొద్దున నడవొచ్చు, సాయంత్రం ప్రవచనాలకు పోయి నిద్రపోవచ్చు, మధ్యలో దర్శనం టిక్కెట్ల కోసం ఫోన్ చేసే బంధువులకు అబద్ధాలు చెప్పొచ్చు. ఇవేవీ కాదని ఆయన విమానాలు పట్టుకున్నాడు. తోక చూసి ఏ దేశమో చెప్పేస్తాడు. ఫ్రిజ్‌లో కరివేపాకు మాత్రం ఇంతవరకూ కనిపెట్టలేదు. "నీ తోకలు తగలెయ్య, కళ్ళ ముందరే ఉండాది కదా," అని భార్య కుముదవల్లి వచ్చి తీసుకుపోతుంది.

ఆయనకొక వాట్సాప్ గ్రూపు ఉంది. పేరు 'అరుదైన రెక్కలు'. అందులో రిటైరైన లెక్చరర్లు, ఒక పళ్ళ డాక్టరు, ఇద్దరు మాజీ బ్యాంకు మేనేజర్లు, అందరూ చదువుకున్నవాళ్ళే. వాళ్ళలో నిజంగా విమానం ఎక్కినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరికీ గ్రూపులో గౌరవం తక్కువ. ఆదివారం ఆదివారం ఎవరో ఒకరు ఊరూ పేరూ లేని విమానం ఫోటో పెడతారు, మిగతావాళ్ళు గుర్తుపడతారు. ఆ గ్రూపు కట్టుబాటు ఒకటే. అడ్మిన్ గుర్తుపట్టింది తప్పని ఎవరు రుజువు చేస్తే, ఆ రోజు నుంచి వాళ్ళే అడ్మిన్. సారంగపాణి మొదటి నుంచీ అడ్మిన్. ఒక్కసారి కూడా తప్పలేదు. అది పోతే తనకు ఇంకేమీ లేదని ఆయనకు బాగా తెలుసు. కుముదవల్లికి ఇంకా బాగా తెలుసు.

ఆ కుర్చీ కోసం చిత్తూరులో యోగానంద అనే ఫిజిక్స్ లెక్చరరు, ట్యూబ్‌లైటు పక్కన బల్లిలా ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్నాడు.

సారంగపాణి పద్ధతి సారంగపాణిది. ఫోటోలో మనుషులుంటే ఆయనకు చిరాకు. రెక్కకు అడ్డం నిలబడతారు. ఇంజను పక్కన నవ్వుతారు. అందుకని పాత పెళ్ళిపత్రికల అట్టలు ముక్కలుగా కత్తిరించి పెట్టుకున్నాడు. ఫోటో చేతికి రాగానే మొదట మనుషుల మీద ఒక ముక్క పెట్టి మూసేస్తాడు, ఆ తర్వాతే భూతద్దం తీస్తాడు. "మనుషులంతా ఒకే మాదిరి ఉంటారప్పా. తోకలే వేరువేరు," అని కొత్తగా చేరినవాళ్ళకు చెబుతాడు. ఈ మాట వాళ్ళు రాసుకుంటారు కూడా.

ఒకరోజు కింద ఫ్లాటు గిరిప్రసాద్ పైకొచ్చాడు. ఐరాల దగ్గర మామిడి తోటలున్న మనిషి. పిల్లల చదువుల కోసమని తిరుపతిలో కాపురం పెట్టాడు. పిల్లల చదువులైపోయి చాలా కాలమైంది, ఆయన మాత్రం ఇంకా చదువుల కోసమే ఉన్నాడు.

"సామీ, మీతో ఒక పని పడింది."

"చెప్పప్పా."

"మా తాత పైలెట్టు."

ఇంకొకరైతే ఏ యుద్ధంలో అనో, ఎక్కడ నేర్చుకున్నాడనో అడిగి ఉంటారు. సారంగపాణి ముందుకు వంగాడు.

"ఏ విమానం?"

"అది చెప్పాల్సింది మీరు గదా సామీ," అని గిరిప్రసాద్ కవరులోంచి ఒక అంచు కత్తిరించిన పాత ఫోటో ఒకటి తీశాడు.

సంగతి ఏమిటంటే, వాళ్ళ ఊరి మొగదల ముఖద్వారం కడుతున్నారు. చందాలు వేసుకున్నారు, సిమెంటు వచ్చింది, రెండు సింహాలు కూడా వచ్చి గోనెసంచుల కింద పడుకుని ఉన్నాయి. ఎవరి పేరు పెట్టాలన్న దగ్గర పని ఆగింది. మునిచంద్ర అనేవాడు వాళ్ళ తాత పేరు పెట్టాలంటున్నాడు. ఆ తాత ఊరికి బావి తవ్వించాడు. ఆ బావిలో ఇప్పుడు చెత్త పోస్తారు, అయినా బావి బావే. గిరిప్రసాద్ తాత మునిరామయ్య ఏమీ తవ్వించలేదు. బాగా తిని, బాగా నిద్రపోయి, నిండు ముసలితనంలో పోయాడు. అటువంటి తాతతో బావి మీద గెలవడం కష్టం.

"రాతపూర్వకంగా ఈయల్ల సామీ. పేరు, దేశం, అంతా. స్టాంపు కూడా ఉంటే బాగుంటాది."

స్టాంపు ఉంది. 'విమాన నిర్ధారకులు' అని గాంధీ రోడ్డులో చేయించుకున్నాడు. అది వాడే సందర్భం ఇంతవరకూ రాలేదు. సారంగపాణి చెయ్యి అప్పుడే సొరుగు వైపు పోయింది, మర్యాద కోసం మధ్యలో ఆగింది.

ఫోటో మీద పెళ్ళిపత్రిక ముక్క పెట్టి మునిరామయ్యను మూసేశాడు. మిగిలింది విమానం. అటువంటిది జన్మలో చూడలేదు. రెక్క ఒక చివర నుంచి ఇంకో చివరి దాకా అట్టంత పలచన. ఇంత పలచని రెక్క చేయాలంటే మామూలు బుర్ర కాదు. రెక్క మీది ఫంకాకు నీడ పడలేదు. అంటే దాని మీద ఏదో ప్రత్యేకమైన పూత ఉంది. రెండు చక్రాల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కొండవాలు మీద దిగేటప్పుడు సమంగా ఉండటానికే, అనుకున్నాడు. వెనక మబ్బులన్నీ ఒకే సైజులో ఉన్నాయి. చాలా ఎత్తులో తీసిన ఫోటో అన్నమాట.

వారం రోజులు పుస్తకాలు తిరగేశాడు. చివరికి ఒక జాబితాలో ఒక్క వరుస దొరికింది. బాల్టిక్ సముద్రం పక్కన ఒక చిన్న ఫ్యాక్టరీ, 'వెల్నిస్' అనే విమానం ఒకే ఒక్కటి చేసి మూతపడింది. దాని ఫోటో లోకంలో ఎక్కడా లేదు. ఎక్కడా లేదు కాబట్టి ఇదే దాని ఫోటో. ఆ వెల్నిస్ ఐరాల మనిషి చేతికి ఎలా వచ్చిందన్నది ఆయన శాఖ కాదు.

గ్రూపులో పెట్టాడు. పొగడ్తలు పోటెత్తాయి. యోగానంద ఒక్కడే పది రోజులు పలకలేదు. చక్రాలు కొలిచాడు, రెక్క కోణం లెక్కగట్టాడు, భూతద్దం కాదు, మైక్రోస్కోపే పెట్టాడు. ఆయన కూడా సారంగపాణి దగ్గర పద్ధతి నేర్చుకున్నవాడే కనుక మొదట మనిషిని మూసేశాడు. తప్పు దొరకలేదు. చివరికి, 'నేనూ ఇదేనని మొదట్నించీ అనుకుంటాండాను. వెల్నిస్సే. నా పూర్తి ఆమోదం,' అని పెట్టాడు. ఓడిపోయినవాడు గెలుపులో వాటా అడిగే పద్ధతి అది.

స్టాంపు పడింది.

ఐరాల పక్కన ఉన్న ఆ ఊళ్ళో సభ రోజున గిరిప్రసాద్ తన కారులోనే సారంగపాణిని తీసుకుపోయాడు. దారి పొడవునా సారంగపాణి ఉపన్యాసం నెమరు వేసుకుంటూ కూర్చున్నాడు. స్కూలు మైదానంలో షామియానా వేసి ఉంది. దాని పక్కన, రెండు వెదురు బొంగుల మధ్య, ఇంటి గోడంత ఫ్లెక్సీ కట్టారు. 'విమాన వీరుడు మునిరామయ్య.' అదే ఫోటో.

ఫ్లెక్సీ మీద పెళ్ళిపత్రిక ముక్క పెట్టడం ఎవరికీ చేతకాదు. సారంగపాణి మొదటిసారి మనిషిని చూశాడు.

మనిషికి నున్నటి గుండు. గుండు నిండా చందనం. నుదుట నామం. మెడలో పూసల దండ. ముఖంలో మొక్కు తీర్చుకున్న తృప్తి. తిరుపతిలో పుట్టి, తిరుపతిలో పెరిగి, కొన్ని లక్షల గుండ్ల మధ్యలోంచి రోజూ ఆఫీసుకు నడిచిపోయిన సారంగపాణికి ఆ గుండు ఏమిటో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. కొండ దిగినవాళ్ళంతా సత్రాల వీధిలో ఫోటో స్టూడియోలకు పోయి, రంగులేసిన అట్ట విమానం వెనక నిలబడి తీయించుకునే ఫోటో అది. అట్టంత పలచని రెక్క ఎందుకు అట్టంత పలచనో ఆయనకు అప్పుడు తెలిసింది. రెక్క మీద మేకు తల కూడా కనబడుతోంది.

ఆయన గిరిప్రసాద్‌ను మోచెయ్యి పట్టి షామియానా వెనక్కి లాక్కుపోయాడు.

"గుండు!"

"ఔ సామీ. గుండే."

"అది అట్ట!"

"అట్టే సామీ. నాకు తెలీదా? నేను గూడా నా చిన్నప్పుడు దాంట్లో కూర్చున్నోణ్ణే."

"తెలిసీ నా దగ్గరికి ఎందుకు తెచ్చినావప్పా?"

"తెలిసినోడు చెప్తే ఎవురు నమ్ముతారు? తెలియనోడే గట్టిగా చెప్పగలడు." గిరిప్రసాద్ ఇది మెచ్చుకోలుగానే అన్నాడు. "ఒకసారి మీరు ఫోటోలు సూసేది సూసినాను సామీ. మనుషుల మీద అట్ట పెట్టి మూస్తాండారు. ఇంక ఈయనే మన మనిషి అనుకున్నాను."

"నేను వెనక్కి తీసుకుంటా. ఇప్పుడే మైకులో చెప్తా."

"చెప్పండి. మొదటి వరసలో సూడండి ముందు."

మొదటి వరసలో యోగానంద కూర్చుని ఉన్నాడు. చిత్తూరు ఎంత దూరం, పిలవకపోయినా వచ్చాడు. ఫ్లెక్సీనే చూస్తున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

సారంగపాణి మైకు దగ్గరికి పోకుండా కుర్చీలో కూలబడ్డాడు. తప్పు తానే చెప్పుకుంటే మానం పోతుంది. యోగానంద చెబితే మానం, అడ్మిన్ రెండూ పోతాయి. ఇలాంటప్పుడు చదువుకున్నవాళ్ళు చేసే పనే ఆయనా చేశాడు. నీళ్ళ బాటిల్ మూత తీసి, నీళ్ళు తాగి, మూత పెట్టాడు.

గిరిప్రసాద్ ధ్రువపత్రం చదివాడు. 'వెల్నిస్' అనగానే జనం చప్పట్లు కొట్టారు. అంతలో బావి తాత మనవడు మునిచంద్ర లేచాడు. చేతిలో ఫ్రేము కట్టిన ఫోటో ఒకటి ఉంది.

"ఒక నిమిషమప్పా! ఆ విమానం మా ఇంట్లో గూడా ఉండాది."

సారంగపాణి కళ్ళు మూసుకున్నాడు. మునిచంద్ర ఫోటో పైకెత్తాడు. అదే రెక్క, అవే మబ్బులు, అదే మేకు. లోపల ఇంకో గుండు.

"సూడండి అందురూ! మా తాత! అదే విమానంలో!"

"అయితే ఏమంటావప్పా?" అన్నాడు గిరిప్రసాద్.

"ఏమంటానా? మా తాత గూడా పైలెట్టే అంటాను! బావి తవ్వింది విమానం దిగినంక!"

సారంగపాణి కళ్ళు తెరిచాడు. జనంలో కలకలం పుట్టింది. బావికి పోటీగా విమానం వచ్చినప్పుడు ఊరు రెండుగా చీలింది గానీ, విమానం అందరిదీ అవుతుందంటే ఊరు ఒక్కటైంది. "మా నాయన గూడా ఉండాడు దాంట్లో," అని ఒకరు అరిచారు. "మా ఇంట్లో ఇద్దురుండారు, అన్నాదమ్ములు," అని ఇంకొకరు. మనుషులు ఇళ్ళకు పరుగెత్తారు. గోడల మీద నుంచి, దేవుడి అలమరాల్లో నుంచి, పాత ట్రంకుపెట్టెల్లో నుంచి ఫోటోలు ఊడిపడ్డాయి. కాసేపటికి ఐరాల పక్క చిన్న ఊరికి ఒక దేశం వాయుసేనకు సరిపడా పైలెట్లు తయారయ్యారు. అందరికీ గుండ్లే.

ఒక ఫోటోలో ఐదుగురు కుటుంబ సమేతంగా ఉన్నారు. మధ్యలో ఆవిడ చేతిలో ప్రసాదం సంచి ఉంది.

యోగానంద మెల్లగా లేచాడు. "ఒక సందేహం. వెల్నిస్ విమానం ఒకటే చేసినారని మీరే రాసినారు కదా సారంగపాణి గారూ. మరి ఇంతమంది..."

షామియానా అంతా సారంగపాణి వైపు తిరిగింది.

"విమానం ఒకటే," అన్నాడు సారంగపాణి. "నడిపినవాళ్ళు మారినారు. షిఫ్టులు."

"షిఫ్టులప్పా, షిఫ్టులు!" అన్నారు జనం. రేణిగుంట ఫ్యాక్టరీల్లో పని చేసినవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు, వాళ్ళకు వెంటనే అర్థమైంది.

యోగానంద కూర్చోలేదు. "ఇంకొకటి. వాళ్ళ తల మీద..."

ఊరు ఊరంతా ఆయన్ను చూసింది. ఆ తాతల మనవళ్ళంతా చేతులు కట్టుకుని ఉన్నారు. అందరూ మామిడి బుట్టలు ఎత్తిన చేతులే. దానికన్నా ముఖ్యం, అదే క్షణంలో సారంగపాణి తన ఫోన్ తీసి, గ్రూపు తెరిచి, 'నా పూర్తి ఆమోదం' అన్న చోట వేలు పెట్టి యోగానంద వైపు తిప్పాడు.

"...తల మీద హెల్మెట్టు," అన్నాడు యోగానంద. "ఆ కాలంలో హెల్మెట్లు తలకు బాగా అతుక్కొని ఉండేటివి. అదే చెప్దామని లేసినాను." కూర్చున్నాడు. ఫిజిక్స్ కూడా ఆయనతో పాటు కూర్చుంది.

ఇక ఏకగ్రీవమే. 'విమాన వీరుల ముఖద్వారం' అని పేరు ఖాయం చేశారు. ఎవరి తాతా తక్కువ కాకుండా అందరి పేర్లూ చెక్కించాలన్నారు. సింహాలను తీసేసి విమానాలు పెట్టాలని ఒకరు, సింహాలకే రెక్కలు పెడితే ఖర్చు తగ్గుతుందని ఇంకొకరు వాదించుకున్నారు. సారంగపాణిని బల్ల ముందు కూర్చోబెట్టి, ఒక్కొక్క ఫోటో తెచ్చి ముందు పెట్టారు. ఆయన చూడటం, రాయడం, స్టాంపు వేయడం. ప్రతిదీ వెల్నిస్సే. ఇంత సులువుగా ఆయన జన్మలో గుర్తుపట్టలేదు.

వరుసలో చివర గిరిప్రసాద్ మేనత్త చంద్రకాంతమ్మ నిలబడి ఉంది. ఎనభై దాటిన మనిషి, చేతికర్ర, చెవులకు కమ్మలు. గిరిప్రసాద్ ఆమెను చూసి గబగబా వచ్చాడు.

"అత్తా, నువ్వేందిక్కడ? భోజనాలు అక్కడ."

"నేనెప్పుడూ బువ్వ తిన్లేదా? జరుగు." ఆమె బల్ల మీద ఒక ఫోటో పెట్టింది. ఫ్లెక్సీ మీదున్నదే. కాకపోతే ఇది కత్తిరించని ఫోటో. మునిరామయ్య వెనక ఉన్నాడు. ముందు, విమానం మూతి దగ్గర, మూడేళ్ళ పిల్ల కూర్చుని ఉంది. దానికీ గుండే. నోరంతా తెరిచి ఏడుస్తోంది.

"ఇది నేను," అంది చంద్రకాంతమ్మ. "వీడు నన్ను కత్తిరించి మా నాయన్ను మాత్రం ఫ్లెక్సీ చేసినాడు. సామీ, ఈ విమానం ఎవురు నడపతాండారో రాయి."

"పెద్దాయన..." అన్నాడు సారంగపాణి.

"ముందర కూర్చునింది ఎవురు? బస్సులో డ్రైవరు ముందర కూర్చుంటాడా, ఎనక కూర్చుంటాడా?"

చుట్టూ మగవాళ్ళు నవ్వారు. "నువ్వు అప్పుడు పసిబిడ్డవి గదమ్మా," అన్నాడు మునిచంద్ర. "ఆడబిడ్డవి. పైలెట్టు ఎట్లయితావు?"

"అట్లనా. అయితే నేను కాదు, మా నాయనా కాదు, మీ తాతా కాదు. ఆ దినం ఏం జరిగిందో నాకు బాగా గుర్తుండాది. మైకు ఇటియ్యి, చెప్తాను. ఏ వీధి, ఏ స్టూడియో, ఆ అట్ట ఎనకాల నుంచి ఎవుడు పట్టుకొని నిలబడినాడో, అంతా చెప్తాను."

నవ్వు ఎక్కడికక్కడ ఆగిపోయింది. గిరిప్రసాద్ మైకు తీసి వీపు వెనక దాచుకున్నాడు. మునిచంద్ర సారంగపాణి భుజం మీద చెయ్యి వేసి, "రాయండి సామీ, రాయండి. పెద్దమ్మ అబద్ధం చెప్పదు," అన్నాడు.

సారంగపాణి మూడేళ్ళ పిల్ల ముఖం వైపు చూశాడు. అట్ట ముక్క కోసం జేబు తడుముకున్నాడు, లేదు. యోగానంద మొదటి వరసలోంచి చూస్తూనే ఉన్నాడు. కాదంటే ఆమెకు మైకు. మైకు అంటే తప్పు. తప్పంటే అడ్మిన్ పోవడం. ఆయన కలం మూత తీశాడు.

'వెల్నిస్. ముందు సీటులో ఉన్నవారే పైలెట్. వెనక ఉన్నవారు ప్రయాణికులు.'

"ప్రయాణికులా?" అన్నాడు గిరిప్రసాద్. "మా తాతనా?"

"టెక్నికల్‌గా అంతే," అన్నాడు యోగానంద అక్కడి నుంచే. తన పేరు కూడా ఉంది కదా ఆ ఆమోదంలో.

స్టాంపు పడింది. చంద్రకాంతమ్మ ఆ కాయితం మడిచి బొడ్లో దోపుకుంది. అక్కడున్న పైలెట్లలో ప్రాణాలతో ఉన్నది ఆమె ఒక్కతే కనుక, ముఖద్వారానికి ఆమె చేతనే కొబ్బరికాయ కొట్టించాలని ఊరి పెద్దలు అప్పటికప్పుడు తీర్మానించారు. మునిరామయ్య ఫ్లెక్సీని దించి, కింద 'ప్రయాణికుడు' అని అతికించడానికి మనిషిని పంపారు.

సారంగపాణి మధ్యాహ్నం భోజనం ఊళ్ళోనే చేసి, శాలువా కప్పించుకుని, సాయంత్రానికి తిరుపతి చేరాడు. ఆదివారం కాబట్టి గ్రూపులో ఎవరో ఒక కొత్త ఫోటో పెట్టారు. మసగ్గా, మంచి విమానం, ముందర ముగ్గురు మనుషులు. ఆయన పెళ్ళిపత్రిక ముక్కలు తీసి, ఒక్కొక్క మనిషినీ జాగ్రత్తగా మూసి, భూతద్దం అందుకున్నాడు.